సగటు చెప్పని సంగతి: సెకనుకు 17 లక్షల చుట్లు తిరిగే ఎలక్ట్రాన్ గుంపును కొలిచేదెలా?

మణుగూరు సైడింగులో బొగ్గు నింపుకున్న రేకు డోర్నకల్ దారి పట్టే ముందు తూకం దాటాలి. రేకుకు 58, 59 వ్యాగన్లుంటాయి. ఒక్కోదాన్నీ విడదీసి ఆపి తూచే తీరిక ఎవరికీ ఉండదు. అందుకే పట్టాల కింద ఇన్‌మోషన్ వేబ్రిడ్జి పెడతారు. బండి నెమ్మదిగా కదులుతూనే ఉంటుంది, ఏ వ్యాగన్‌లో ఎన్ని టన్నులున్నాయో వరసగా నమోదైపోతుంది. రేకు మొత్తం బరువు తెలిస్తే చాలదా అంటే, చాలదు. ఒక వ్యాగన్‌లో పరిమితి మించితే రైల్వే జరిమానా వేస్తుంది. ఇంకోదాంట్లో తగ్గితే ఖాళీ జాగాకూ కిరాయి కట్టాలి. సగటు తీస్తే రెండూ సర్దుకుపోయి అంతా సవ్యంగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

మధ్యప్రదేశ్‌లోని ఇండోర్‌లో 291 గదుల రేకు ఒకటి తిరుగుతోంది. అందులో సరుకు ఎలక్ట్రాన్లు. వేగం సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు. ఒక్కో గుంపు పొడవు ఒకటి రెండు సెంటీమీటర్లకు అటూఇటూ. దాన్ని ఆపలేం, ముట్టుకోలేం, అడ్డంగా ఏదైనా పెడితే గుంపే చెదిరిపోతుంది. అయినా దాని పొడవెంత, ముందు భాగంలో ఎక్కువమంది ఉన్నారా వెనక భాగంలోనా, లోపల ముడతలేమైనా పడ్డాయా అన్నది తెలియాలి. ఈ కొలత ఎలా సాధ్యమవుతుందో, సగటుతో సరిపెట్టుకుంటే ఏం పోతుందో అంకెలతో చూద్దాం.

ఇండస్-2: 172 మీటర్ల వలయం

అశ్వాపురంలో గోదావరి నీటి నుంచి భారజలం తీసే కర్మాగారం ఏ శాఖదో, ఇండోర్‌లోని రాజా రామన్న సెంటర్ ఫర్ అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ కూడా ఆ శాఖదే: కేంద్ర అణుశక్తి విభాగం. 1984లో పునాది పడ్డ ఈ కేంద్రంలో రెండు ఎలక్ట్రాన్ స్టోరేజ్ రింగులున్నాయి. ఇండస్-1 చిన్నది, చుట్టుకొలత సుమారు 19 మీటర్లు. ఇండస్-2 పెద్దది, 172.47 మీటర్లు. దీన్ని 2005 డిసెంబరులో జాతికి అంకితం చేశారు.

ఎలక్ట్రాన్ నేరుగా పెద్ద వలయంలోకి రాదు. మొదట మైక్రోట్రాన్ అనే యంత్రం దానికి 2 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఇస్తుంది. తర్వాత బూస్టర్ సింక్రోట్రాన్ ఆ శక్తిని 55 కోట్లకు పెంచి ఇండస్-2లోకి పంపుతుంది. అక్కడ మెల్లగా 250 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులకు చేరుస్తారు. శాస్త్రజ్ఞుల వాడుకలో ఇది 2.5 జీఈవీ.

ఈ శక్తి దగ్గర ఎలక్ట్రాన్ వేగానికీ కాంతి వేగానికీ తేడా సెకనుకు 6 మీటర్ల పైచిలుకు మాత్రమే. 30 కోట్ల మీటర్లలో 6 మీటర్లు! ఒక చుట్టు పూర్తి కావడానికి 575 నానోసెకన్లు పడుతుంది. నానోసెకను అంటే సెకనులో వంద కోట్లో వంతు. అంటే సెకనుకు 17 లక్షల 38 వేల చుట్లు. ఖమ్మం నుంచి భద్రాచలానికి రోడ్డు దారి సుమారు 120 కిలోమీటర్లు కదా, అంత దూరం నడిచేసరికి ఈ ఎలక్ట్రాన్ 695 చుట్లు తిరుగుతుంది. అందుకు పట్టే సమయం సెకనులో రెండున్నర వేలో వంతు.

వలయంలో 200 మిల్లీయాంపియర్ల కరెంటు ఉందనుకుందాం. దాన్ని చుట్టుకు పట్టే సమయంతో గుణిస్తే ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయో తేలుతుంది: దాదాపు 72 వేల కోట్లు. 291 గదుల్లోనూ సమానంగా నింపితే గుంపుకు 247 కోట్ల చొప్పున వస్తాయి. ఈ గుంపునే యంత్రం నడిపేవాళ్లు బంచ్ అంటారు.

ఒకసారి నింపిన ఎలక్ట్రాన్లు గంటల తరబడి తిరుగుతాయి. పది గంటలు తిరిగిన ఎలక్ట్రాన్ నడిచిన దూరం 1,079 కోట్ల కిలోమీటర్లు. భూమికీ సూర్యుడికీ మధ్య ఉన్న దూరానికి ఇది 72 రెట్లు. అంత దారిలో గాలి అణువులకు కొట్టుకుని చెదిరిపోకూడదంటే గొట్టంలో ఒత్తిడి మనం పీల్చే గాలి ఒత్తిడిలో లక్ష కోట్లో వంతు స్థాయికి దిగాలి.

ఈ శూన్యం తయారుచేసే విద్య దగ్గర ఒక తెలుగు పేరు చెప్పుకోవాలి. పశ్చిమ గోదావరి జిల్లా గొరగనమూడిలో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగా పుట్టిన స్వామి జ్ఞానానంద సన్యాసం పుచ్చుకున్నాక యూరప్ వెళ్లి భౌతికశాస్త్రంలోకి దిగారు. ప్రేగ్‌లో ఎక్స్-కిరణాల మీద, లివర్‌పూల్‌లో చాడ్విక్ దగ్గర బీటా కిరణాల మీద పనిచేశారు. బీటా కిరణాలంటే కేంద్రకం నుంచి దూసుకొచ్చే ఎలక్ట్రాన్లే. అయస్కాంతంతో వాటి దారి వంచి, ఎంత వంగాయో చూసి శక్తి కొలవడం ఆ రంగంలో పద్ధతి. ఆయన రాసిన ‘హై వాక్యువా’ గ్రంథం 1947లో అమెరికాలో అచ్చయింది. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణు భౌతికశాస్త్ర విభాగాన్ని నిలబెట్టారు. ఎలక్ట్రాన్ వంగినప్పుడు వెలువడే కాంతిని అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో తొలిసారి కళ్లతో చూసింది కూడా ఆ 1947లోనే, ఏప్రిల్‌లో. ఇప్పుడు మన కథంతా ఆ కాంతి చుట్టూనే తిరుగుతుంది.

గుంపులుగానే ఎందుకు?

ఇండస్-2లో 16 పెద్ద అయస్కాంతాలు ఎలక్ట్రాన్ దారిని ఒక్కోటి 22.5 డిగ్రీల చొప్పున వంచుతాయి. వంగిన ప్రతిసారీ ఎలక్ట్రాన్ కాంతిని వెదజల్లి కొంత శక్తి పోగొట్టుకుంటుంది. చుట్టు తిరిగేసరికి పోయేది సుమారు 6.23 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు. ఉన్న శక్తిలో ఇది నాలుగు వేలో వంతు. 200 మిల్లీయాంపియర్ల దగ్గర మొత్తం కాంతి రూపంలో పోయే శక్తి దాదాపు 125 కిలోవాట్లు. దాన్ని చుట్టు చుట్టుకీ భర్తీ చేయకపోతే మిల్లీసెకను కూడా గడవకముందే ఎలక్ట్రాన్లు దారి తప్పి గోడకు తగులుతాయి.

భర్తీ చేసేవి ఆర్ఎఫ్ క్యావిటీలు. వాటిలో విద్యుత్ క్షేత్రం సెకనుకు 50.58 కోట్ల సార్లు ఊగుతుంది. ఊపు సరైన దశలో ఉన్నప్పుడు వచ్చిన ఎలక్ట్రాన్‌కే సరైన తోపు అందుతుంది. అందువల్ల వలయం పొడవునా 59 సెంటీమీటర్లకొకటి చొప్పున 291 సురక్షిత స్థానాలు ఏర్పడతాయి. మనం గదులన్నవి ఇవే. ఎలక్ట్రాన్లు బతికేది వాటిలోనే.

ఒకే గదిలో ఉన్న ఎలక్ట్రాన్లన్నీ ఒకేలా ఉండవు. శక్తి కాస్త ఎక్కువున్నది బయటి వైపుగా కొంచెం పెద్ద చుట్టు తిరిగి ఆలస్యంగా వస్తుంది. ఆలస్యంగా వచ్చినదానికి తోపు తక్కువ అందేలా ఊపు దశను అమరుస్తారు. శక్తి తగ్గినది దగ్గరి దారిన ముందే వచ్చేస్తుంది, దానికి తోపు ఎక్కువ అందుతుంది. ఈ సర్దుబాటు సూత్రాన్ని 1944లో రష్యాలో వెక్స్లర్, 1945లో అమెరికాలో మెక్‌మిలన్ ఎవరికి వారుగా కనిపెట్టారు. దాని ఫలితంగా గుంపులోని ప్రతి ఎలక్ట్రానూ డజన్ల కొద్దీ చుట్లకోసారి ముందుకూ వెనక్కూ ఊగుతూ ఉంటుంది. ఆ ఊగిసలాట విస్తీర్ణమే గుంపు పొడవు.

ఇండస్-2 లాంటి వలయాల్లో అది కొన్ని పదుల పికోసెకన్లు. పికోసెకను అంటే నానోసెకనులో వెయ్యో వంతు, సెకనులో లక్ష కోట్లో వంతు. ఆ సమయంలో కాంతి నడిచేది 0.3 మిల్లీమీటర్లు. లెక్క సులువు కోసం గుంపు పొడవు 50 పికోసెకన్లు అనుకుంటే అది ఒకటిన్నర సెంటీమీటర్లు. రెండు గుంపుల మధ్య ఎడం 59 సెంటీమీటర్లు, అంటే 1,977 పికోసెకన్లు. వలయంలో నూటికి 97 పాళ్లకు పైగా ఖాళీయే.

మామూలు పరికరానికి అందదు

ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లకు ఒక పాత లెక్క తెలిసే ఉంటుంది. ఆసిల్లోస్కోపు ఎంత త్వరగా స్పందించగలదో తెలియాలంటే 0.35ను దాని బ్యాండ్‌విడ్త్‌తో భాగించాలి. 50 పికోసెకన్లలో పైకి లేచే సంకేతాన్ని పట్టాలంటే 7 గిగాహెర్ట్జ్ కావాలి. గుంపు ఆకారం కూడా నమ్మకంగా తెలియాలంటే అంతకు కొన్ని రెట్లు ఉండాలి. ఖరీదైనదే అయినా అలాంటి స్కోపు దొరుకుతుంది. గుంపు 1 పికోసెకనుకు కుదించుకుంటే మాత్రం 350 గిగాహెర్ట్జ్ కావాలి. అక్కడికి వచ్చేసరికి తీగ, కనెక్టరు, డిటెక్టరు అన్నీ చేతులెత్తేస్తాయి. సంకేతం స్కోపు దాకా వచ్చేలోపే సాగిపోయి అసలు రూపం పోగొట్టుకుంటుంది.

అందుకని కొలత రెండు దారులు పట్టింది. గుంపు వెదజల్లే కాంతిని పట్టుకోవడం మొదటిది. గుంపు చుట్టూ ఉండే విద్యుత్ క్షేత్రాన్నే నేరుగా చదవడం రెండోది.

మొదటి దారి: స్ట్రీక్ కెమెరా

వంపు దగ్గర ఒక్కో ఎలక్ట్రాన్ విసిరే మెరుపు అత్యంత స్వల్పకాలికమైనది. కాబట్టి 247 కోట్ల ఎలక్ట్రాన్ల మెరుపులు కలిసి ఏర్పడే కాంతి పల్స్ ఎంతసేపు ఉంటుందో గుంపు పొడవూ అంతే. ముందున్న ఎలక్ట్రాన్ కాంతి ముందొస్తుంది, వెనకున్నదాని కాంతి వెనకొస్తుంది. గుంపు ఆకారం కాంతిలోకి యథాతథంగా దిగుతుంది.

ఇండస్-2లో గుంపు ఆరోగ్యాన్ని చూడటానికే కేటాయించిన బీమ్‌లైన్లు ఉన్నాయి. ఒకదానిలో ఎక్స్-కిరణాలు వాడితే, ఇంకోదానిలో కంటికి కనిపించే కాంతి వాడతారు. వెలువడే కాంతిలో ఎక్స్-కిరణాల వేడి ఎక్కువ కాబట్టి మొదటి అద్దాన్ని నీటితో చల్లబరచాలి. దాని మీద పడి మళ్లిన మామూలు కాంతిని మరికొన్ని అద్దాల మీదుగా, రేడియేషన్ అడ్డుగోడ దాటించి బయట బల్ల మీదికి తెస్తారు. అక్కడ ఉంటుంది స్ట్రీక్ కెమెరా.

దాని పని నాలుగు మెట్లలో సాగుతుంది. కాంతి సన్నటి చీలికలోంచి వెళ్లి ఫోటోకాథోడ్ అనే పూత మీద పడుతుంది. పూత ఎలక్ట్రాన్లను విడుదల చేస్తుంది. కాంతి ఎప్పుడెంత పడితే అప్పుడన్ని వస్తాయి. అవి రెండు పలకల మధ్య నుంచి వెళ్తుంటే పలకల మీద వోల్టేజీ చకచకా మారిపోతుంది. దాంతో ముందొచ్చిన ఎలక్ట్రాన్ తెర పైభాగాన, వెనకొచ్చినది కింది భాగాన పడతాయి. తెర మీద పడ్డ గీతను కెమెరా ఫోటో తీస్తుంది. ఇలా కాలంలో ఉన్న తేడా తెర మీద ఎడంగా మారుతుంది. ఉదాహరణకు 10 మిల్లీమీటర్ల తెర 800 పికోసెకన్లకు సమానమయ్యేలా అమర్చితే మిల్లీమీటరుకు 80 పికోసెకన్లు. మన 50 పికోసెకన్ల గుంపు 0.6 మిల్లీమీటర్ల గీతగా కనిపిస్తుంది. స్కేలు పెట్టి కొలిచేంత దూరం!

అయితే జాగ్రత్తలు చాలా పాటించాలి. కాంతి మరీ ఎక్కువైతే కెమెరా లోపలి ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి నెట్టుకుని గీతను వెడల్పు చేస్తాయి. అప్పుడు గుంపు ఉన్నదానికన్నా పొడవుగా కనిపిస్తుంది. అందుకే వెలుతురు తగ్గించి చూస్తారు. దారిలో లెన్సులున్నా చిక్కే. ఒక సెంటీమీటరు మందం గాజులోంచి వెళ్లేసరికి నీలం కాంతి ఎరుపు కంటే సుమారు ఒక పికోసెకను వెనకబడుతుంది. అందువల్ల సన్నటి రంగు పట్టీని మాత్రమే వదిలే ఫిల్టర్ పెడతారు, వీలైన చోటల్లా లెన్సుకు బదులు వంపు అద్దం వాడతారు.

ఒక్క పల్స్‌లో కాంతి చాలనప్పుడు వచ్చిన ప్రతి పల్స్‌నూ ఒకే గీత మీద పేరుస్తారు. దీన్ని సింక్రోస్కాన్ అంటారు. 500 మెగాహెర్ట్జ్ స్థాయి వలయాల్లో తరచు దానిలో నాలుగో వంతు వేగంతో పలకల వోల్టేజీని ఊపుతారు. ఈ పద్ధతిలో దాదాపు 2 పికోసెకన్ల తేడా కూడా తెలుస్తుంది. గీత నున్నగా, అందంగా వస్తుంది.

ఆ నునుపు ఎక్కడిదో లెక్క వేసి చూడండి. గదులన్నీ నిండిన వలయంలో కెమెరా ఒక్క మిల్లీసెకను కన్ను తెరిచి ఉంచితే ఆ లోపు దాని ముందు నుంచి 5 లక్షల బంచ్‌లు వెళ్లిపోతాయి. తెర మీద కనిపించే గీత ఏ ఒక్కదానిదీ కాదు, చాలా గుంపుల సగటు. ఒక బంచ్ ముందుకీ ఒకటి వెనక్కీ ఊగుతుంటే రెండూ కలిసి ఒకే పొడవాటి బంచ్‌లా కనిపించవచ్చు. ఈ లోపం కొంత తీర్చడానికి తెరను అడ్డంగానూ జరుపుతారు. దాన్ని డ్యుయల్ స్వీప్ అంటారు. నిలువున పికోసెకన్లు, అడ్డంగా మైక్రోసెకన్లో మిల్లీసెకన్లో నడుస్తాయి కనుక గుంపు ఊగిసలాట అలలాగా బయటపడుతుంది.

ఏ గదిలో ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయన్నది తేల్చే పని వేరు. కాంతిని బాగా తగ్గించి, ఫోటాన్లను ఒకటొకటిగా లెక్కపెట్టి, ఒక్కోటి ఏ క్షణాన వచ్చిందో నమోదు చేస్తారు. లక్షల ఫోటాన్ల లెక్క పోగయ్యాక నిండిన గది, ఖాళీ గది స్పష్టంగా తేలతాయి. పక్క గదిలోకి లక్షలో ఒక్క పాలు ఎలక్ట్రాన్లు జారినా ఈ పద్ధతికి దొరుకుతుంది. కాకపోతే ఆ చిత్రం గీయడానికి నిమిషాలు పట్టవచ్చు. ఇదీ సగటే.

సగటు దాచేసే ముడతలు

వలయం సాఫీగా నడవడానికి సగటు పొడవు తెలిస్తే చాలావరకు పని నడుస్తుంది. గుంపును పొట్టిగా చేయాలనుకున్నప్పుడు మొదలవుతుంది అసలు గొడవ.

పొట్టి చేయడానికి ఒక తెలిసిన ఉపాయం ఉంది. శక్తి తేడా వల్ల చుట్టు పొడవు ఎంత మారుతుందో చెప్పే గుణకాన్ని ఆల్ఫా అంటారు. అయస్కాంతాల అమరిక మార్చి ఆల్ఫాను 100 రెట్లు తగ్గిస్తే గుంపు పొడవు 10 రెట్లు తగ్గుతుంది. 50 పికోసెకన్లది 5 అవుతుంది. అదే సంఖ్యలో ఎలక్ట్రాన్లు అంత ఇరుకులో పడితే ముందున్నవి వదిలిన కాంతి, క్షేత్రం వెనకున్నవాటినీ, వంపులో వెనకున్నవాటి కాంతి ముందున్నవాటినీ తాకుతుంది. నున్నటి గుంపులో పికోసెకను కన్నా చిన్న ముడతలు లేస్తాయి. దీన్ని మైక్రోబంచింగ్ అస్థిరత అంటారు.

ముడత లేవగానే కాంతి లెక్క మారిపోతుంది. మామూలుగా ఎలక్ట్రాన్లు ఎవరి కాంతి వారు వెదజల్లుతాయి. పది రెట్లు ఎలక్ట్రాన్లుంటే పది రెట్ల కాంతి. గుంపు గానీ, అందులోని ముడత గానీ కాంతి తరంగం కన్నా పొట్టిగా ఉంటే మాత్రం అన్ని ఎలక్ట్రాన్ల తరంగాలూ ఒకే తాళంలో కలిసిపోతాయి. అప్పుడు పది రెట్లు ఎలక్ట్రాన్లకు వంద రెట్ల కాంతి. 10 కోట్ల ఎలక్ట్రాన్లు పూర్తిగా తాళం కలిపితే ఆ తరంగదైర్ఘ్యం దగ్గర వెలుగు 10 కోట్ల రెట్లు పెరగాలి.

50 పికోసెకన్ల గుంపుకు ఈ అదృష్టం లేదు. దాని పొడవు ఒకటిన్నర సెంటీమీటర్లు, అంత పొడుగు తరంగాలను లోహపు గొట్టమే నొక్కేస్తుంది. 1 పికోసెకను ముడతకు సరిపోయే తరంగం 0.3 మిల్లీమీటర్లది. అది టెరాహెర్ట్జ్ కాంతి, మైక్రోవేవ్‌కూ పరారుణానికీ నడుమ ఉండేది. శక్తిమంతమైన టెరాహెర్ట్జ్ వనరులు తక్కువ కాబట్టి దీని మీద అందరికీ ఆశే. అయితే ముడతలు నిలకడగా ఉండవు. లేస్తాయి, గుంపును ఉబ్బిస్తాయి, సర్దుకుంటాయి, మళ్లీ లేస్తాయి. కాంతి పేలుళ్లలా వచ్చిపోతుంటుంది. ఈ తతంగమంతా సింక్రోస్కాన్‌కు చూపిస్తే అది తెచ్చి ఇచ్చేది ఒక నున్నటి గీత.

రెండో దారి: స్ఫటికం, లేజర్, చుట్టు చుట్టుకీ ఒక చిత్రం

జర్మనీలోని కార్ల్స్‌రూహేలో 110.4 మీటర్ల స్టోరేజ్ రింగ్ ఉంది. ఒకప్పుడు దాని పేరు అంకా, ఇప్పుడు కారా. 2.5 జీఈవీ దాకా నడుస్తుంది, పొట్టి గుంపుల కోసం 1.3 జీఈవీకి దిగుతుంది. స్టోరేజ్ రింగ్ లోపల ఒక్క గుంపును ఒకే షాట్‌లో ఎలక్ట్రో-ఆప్టిక్ పద్ధతిన కొలవడం 2013లో మొదట ఇక్కడే జరిగింది.

కాంతి వేగానికి దగ్గరగా పోయే ఎలక్ట్రాన్ విద్యుత్ క్షేత్రం అన్ని దిక్కులా సమానంగా ఉండదు. ప్రయాణ దిశకు అడ్డంగా పలుచటి పొరలా నొక్కుకుపోతుంది. 1.3 జీఈవీ దగ్గర, ఎలక్ట్రాన్‌కు ఒక సెంటీమీటరు పక్కన ఆ పొర మందం సుమారు 13 ఫెమ్టోసెకన్ల స్థాయిలోనే ఉంటుంది. ఫెమ్టోసెకను పికోసెకనులో వెయ్యో వంతు. పొర అంత పలుచన కాబట్టి గుంపు పక్కన నిలబడి క్షేత్రం ఎప్పుడెంత ఉందో చదివితే గుంపు ఆకారం చదివినట్టే.

ఆ చదివే పని గాలియం ఫాస్ఫైడ్ స్ఫటికానిది. చిన్న చెయ్యి లాంటి అమరికతో దాన్ని గొట్టంలోకి, గుంపుకు కొన్ని మిల్లీమీటర్ల దూరం దాకా తెస్తారు. విద్యుత్ క్షేత్రం తాకినప్పుడు ఆ స్ఫటికం తనలోంచి వెళ్లే కాంతి ధ్రువణాన్ని మారుస్తుంది. క్షేత్రం బలంగా ఉన్న క్షణంలో ఎక్కువ, లేని క్షణంలో సున్న.

గుంపు వెళ్లే సమయానికే స్ఫటికంలోంచి లేజర్ పల్స్ ఒకటి పంపుతారు. దాన్ని ముందే సాగదీసి ఉంచుతారు: పొడుగు తరంగాలు ముందు, పొట్టి తరంగాలు వెనక. అంటే పల్స్‌లో ఒక్కో రంగుకు ఒక్కో క్షణం కేటాయించినట్టు. గుంపు క్షేత్రం ఏ క్షణంలో ఎంత ఉందో ఆ క్షణపు రంగు మీద అంత ముద్ర పడుతుంది. బయటికొచ్చాక ధ్రువణ మార్పును వెలుగు మార్పుగా మార్చి, గ్రేటింగ్‌తో రంగులు విడదీసి, వరస కెమెరా మీద పడేస్తే గుంపు ముఖచిత్రం ఒకేసారి వచ్చేస్తుంది. దీనికీ హద్దుంది. 0.1 పికోసెకను లేజర్‌ను 10 పికోసెకన్లకు సాగదీస్తే ఆ రెండింటి గుణకారానికి వర్గమూలం, అంటే సుమారు 1 పికోసెకను కన్నా సన్నటి వివరం నమ్మకంగా రాదు. ఎంత ఎక్కువ సాగదీస్తే అంత పొడుగు గుంపును చూడవచ్చు గానీ వివరం అంత మసకబారుతుంది.

ఇక మిగిలింది వేగం. కారాలో గుంపు సెకనుకు 27 లక్షల సార్లు తిరుగుతుంది. మామూలు కెమెరా అందులో వేలో వంతు కూడా అందుకోలేదు. అందుకే కలిప్సో అనే వరస కెమెరాను అక్కడే తయారుచేసుకున్నారు. అది చుట్టు చుట్టుకీ ఒక చిత్రం తీస్తుంది. 256 పిక్సెళ్ల వరసైతే సెకనుకు దాదాపు 70 కోట్ల అంకెలు వచ్చి పడతాయి. వాటిని అప్పటికప్పుడు మోసుకుపోయే ఎలక్ట్రానిక్స్ కట్టడమే ఇందులో సగం పని.

ఈ చిత్రాలు వరసగా దొరికాక ఇంకో మేలు జరిగింది. గుంపులోని ఎలక్ట్రాన్లు ఊగుతూ ఉంటాయనుకున్నాం కదా. కాలం, శక్తి అనే రెండు అక్షాల మీద గీస్తే ఆ ఊగిసలాట గుంపు గుండ్రంగా తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. తిరిగే వస్తువును వరసగా తీసిన నీడల నుంచి లోపలి రూపం రాబట్టడం ఆసుపత్రిలో సీటీ స్కాన్ చేసే పనే. కారా శాస్త్రజ్ఞులు అదే గణితంతో గుంపు లోపలి నిర్మాణాన్ని బయటికి తీసి 2023లో ప్రచురించారు. ముడతలు ఎక్కడ పుడుతున్నాయో, ఎటు జరుగుతున్నాయో అందులో కనిపిస్తుంది.

కొలిచాక ఏం చేస్తారు?

పారిస్ దగ్గరి 354 మీటర్ల సోలే రింగ్‌లో 2019లో ఒక అడుగు ముందుకు వేశారు. పేలుళ్లుగా వచ్చే టెరాహెర్ట్జ్ కాంతిని క్షణక్షణం గమనిస్తూ, ఆ సంకేతాన్ని వెనక్కి తిప్పి ఆర్ఎఫ్ క్యావిటీకి చిన్న సవరణగా ఇచ్చారు. పేలుళ్లు తగ్గి కాంతి నిలకడగా వచ్చింది. అస్థిరతను పూర్తిగా తుడిచేయలేదు, దానికి లగాం వేశారు. సగటు చిత్రంతో ఇది జరిగే పని కాదు. సగటు తేలేలోపు ముడత పుట్టి, పెరిగి, పోయి ఉంటుంది.

ఇంకొందరు గుంపు మొత్తాన్ని పొట్టి చేసే జోలికి పోలేదు. అమెరికాలోని బర్క్‌లీలో 2000లో లేజర్‌తో గుంపులోంచి సన్నటి ముక్కను వేరుచేసి, సుమారు 300 ఫెమ్టోసెకన్ల ఎక్స్-కిరణ పల్స్ రాబట్టారు. బెర్లిన్‌లోని 48 మీటర్ల చిన్న రింగ్‌లో 2021లో లేజర్ వేసిన మైక్రాన్ స్థాయి ముడతలు ఒక పూర్తి చుట్టు తిరిగొచ్చాక కూడా చెరగకుండా నిలుస్తాయని చూపించారు. స్వీడన్‌లోని లుండ్ నగరంలో 528 మీటర్ల మాక్స్-4 రింగ్‌ది దీనికి పూర్తిగా ఎదురు దారి. అక్కడ గుంపును కావాలనే సాగదీస్తారు. దగ్గరదగ్గరగా ఉంటే ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి కొట్టుకుని రాలిపోతాయి, సాగదీస్తే ఎక్కువ గంటలు బతుకుతాయి. పొట్టి చేసేవారికైనా సాగదీసేవారికైనా చేసింది ఫలించిందా లేదా చెప్పేది ఈ కొలతే.

బయట ప్రయోగాలు చేసేవారికీ దీనితో పని ఉంది. లేజర్‌తో ఒక పదార్థాన్ని తట్టి, అది ఎలా మారుతోందో ఎక్స్-కిరణంతో చూసే ప్రయోగంలో కాలాన్ని విడదీయగల శక్తి గుంపు పొడవును మించి రాదు. 50 పికోసెకన్ల పల్స్‌తో 1 పికోసెకనులో జరిగే మార్పు కనిపించదు. అందువల్ల ప్రయోగం మొదలుపెట్టే ముందు అడగాల్సిన మొదటి అంకె గుంపు పొడవు, రెండో అంకె అది చుట్టు చుట్టుకీ ఎంత మారుతోందన్నది.

ఇంజినీరింగ్ చదివే మన పిల్లలు ఈ రంగాన్ని భౌతికశాస్త్రం వాళ్ల గొడవగా వదిలేస్తుంటారు. పైన చెప్పిన పనులు మళ్లీ ఒకసారి చూడండి: లేజర్ కట్టడం, కెమెరా చిప్‌కు సర్క్యూట్ గీయడం, సెకనుకు 70 కోట్ల అంకెలను ఒక్కటీ జారకుండా కంప్యూటర్‌కు చేర్చడం, వాటి నుంచి రూపం రాబట్టే ప్రోగ్రాం రాయడం. ఇవన్నీ ఈసీఈ, సీఎస్ఈ చదివినవాళ్ల చేతి పనులు. రింగ్ కట్టిన తొలి తరం అయస్కాంతాలతో, శూన్యంతో కుస్తీ పట్టింది. ఇప్పుడు నడుస్తున్న పోటీ గుంపు మళ్లీ ఎదుటికి వచ్చేలోపు దాన్ని చదివి, సవరణ పంపగలమా అన్నది. ఇండస్-2 లాంటి రింగ్‌లో అందుకు ఉన్న గడువు 575 నానోసెకన్లు.